బుట్టలో న్యూజిలాండ్ బరువు

వైతేలే నుంచి అపియా వెళ్ళే ఏడుంపావు బస్సులో ఆ రోజు తనియేలుకి కిటికీ పక్క సీటు దొరికింది. అదృష్టమే అనుకున్నాడు పాపం. మూడో స్టాపు దాటగానే వాన మొదలైంది, వానతో పాటు జనం.

మా దీవి బస్సుల్లో నిలబడి ప్రయాణం చేయడమన్నది లేదు. సీట్లు నిండాయా, ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చోవాల్సిందే. మగవాళ్ళు మగవాళ్ళ ఒళ్ళో, ఆడవాళ్ళు ఆడవాళ్ళ ఒళ్ళో. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా వేసుకుని, కొత్త లావాలావా పంచెలా చుట్టుకుని వచ్చిన తనియేలు, తన ఒళ్ళోకి ఏ బస్తాలాంటి పెద్దమనిషి వస్తాడోనని బిక్కుబిక్కుమంటూ చూస్తున్నాడు. వచ్చింది మనిషి కాదు, ఒక అట్టపెట్టె.

"కాస్త పట్టుకోండి. తడిస్తే మా నాన్న నన్ను చంపేస్తాడు," అంది పెట్టె తాలూకు అమ్మాయి.

అతను ఊ అనేలోపే ఆమె ఎదుటి సీట్లో ఉన్న పెద్దావిడ ఒళ్ళో సర్దుకుని కూర్చుంది. జుట్టు లోంచి నీళ్ళు కారుతున్నాయి. చెవి వెనక మందారం తడిసి వాలిపోయింది. ఆమెకి మాత్రం అదేమీ పట్టలేదు. చూపంతా పెట్టె మీదే ఉంది.

తనియేలు చూపు కూడా పెట్టె మీదే పడింది. మూత లేదు. పైనే సరుకుల పత్రాలు. చదవకూడదనే అనుకున్నాడు. కానీ కేంద్ర బ్యాంకులో అంకెలు చూసే ఉద్యోగం వాడు, కళ్ళు ఊరుకుంటాయా?

"టేబుల్ ఫ్యాన్లు, రెండు వందలు. తయారైన దేశం, న్యూజిలాండ్." కిందది, "బియ్యం, నాలుగు వందల బస్తాలు. పండిన దేశం, న్యూజిలాండ్."

"న్యూజిలాండ్‌లో వరి పండుతోందా!" అనేశాడు పైకే.

ఆ అమ్మాయి తల తిప్పింది. "ఏమండోయ్! పెట్టె పట్టుకోమన్నానా, చదవమన్నానా?"

"ముక్కు కింద పెట్టి చదవొద్దంటే ఎలాగండీ?"

"మర్యాదస్తులైతే కళ్ళు మూసుకుంటారు."

"మూసుకుందును. బియ్యం మీద అబద్ధం రాసి ఉంటే మూతపడ్డంలేదు."

"అబద్ధమా?" ఆమె గొంతు పెరిగింది. డ్రైవరు పెట్టిన పాట హోరున మోగుతున్నా సగం బస్సుకి వినిపించింది. "ఓడ ఆక్లండ్ నుంచి వచ్చింది. ఆక్లండ్ న్యూజిలాండ్‌లో ఉంది. మీరు బళ్ళో ఆ పాఠం రోజు రాలేదా?"

"ఓడ వచ్చిన ఊరూ సరుకు పుట్టిన ఊరూ ఒకటేనా? మీరు వైతేలే బస్సు దిగారని వైతేలేలో పుట్టినట్టా?"

"నేను పుట్టింది లలోమానులో. మీకెందుకు?"

"చూశారా, మరి!"

పెద్దావిడ అమ్మాయి నడుము చుట్టూ చేతులు వేసి కూర్చుని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "అబ్బాయి బాగానే ఉన్నాడు. ఏం నాయనా, పెళ్ళయిందా?" అంది. బస్సు గొల్లుమంది. తనియేలు చెవులు ఎర్రబడ్డాయి.

మార్కెట్ దగ్గర ఆమె పెట్టె లాక్కుని, చుట్టూ చూడకుండా, వానలో పరుగెత్తింది. తనియేలు తెల్ల చొక్కా మీద మాత్రం తడి అట్టపెట్టె వదిలిన సిరా అక్షరాలు మిగిలాయి. అద్దంలో చూసి చదువుకుంటే తెలిసింది, "సెతెఫానో ఏజెన్సీ, మతావుతు రేవు."

* * *

తనియేలు చేసే పని ఏమిటో ముందు చెప్పాలి, లేకపోతే బియ్యం గురించి అంత రభస ఎందుకో అర్థం కాదు.

మా డబ్బు పేరు తాలా. తాలా విలువ పెరిగిందా తగ్గిందా అంటే, ఎవరి డబ్బుతో పోల్చి చెప్పాలి? అమెరికా డాలరుతో చూస్తే ఒకలా ఉంటుంది, న్యూజిలాండ్ డాలరుతో చూస్తే ఇంకోలా ఉంటుంది. అందుకని అందరి డబ్బూ ఒక బుట్టలో వేస్తారు. ఎవరితో మాకు ఎంత వ్యాపారం ఉంటే, బుట్టలో వాళ్ళ డబ్బుకి అంత బరువు. ఆ మొత్తం బుట్టతో తూచి చెప్పే అంకెనే సూచీ అంటారు. కొన్నాళ్ళకోసారి వ్యాపారం లెక్కలు చూసి బరువులు సరిచేస్తారు. ఈసారి ఆ పని తనియేలుకి అప్పగించారు. ఇరవై ఏడేళ్ళ వాడికి అది మొదటి పెద్ద పని. నాలుగు వారాలు గడువు.

"న్యూజిలాండ్ బరువు చూడు," అంది అతని పై అధికారి లోసా మేడమ్, కళ్ళజోడు ముక్కు మీదకి జార్చి. "ఏడాదికేడాది ఉబ్బిపోతోంది. ఆక్లండ్‌లో ఉన్నట్టుండి వరి చేలూ ఫ్యాన్ల ఫ్యాక్టరీలూ మొలిచాయా?"

"కనుక్కున్నాను మేడమ్."

"అప్పుడేనా? ఎక్కడ?"

"బస్సులో," అన్నాడు తనియేలు. చొక్కా మీది అక్షరాలు ఫైలుతో కప్పుకున్నాడు.

మధ్యాహ్నం మతావుతు రేవుకి నడిచి వెళ్ళాడు. ఒకే ఒక గది, దాని వెనక రేకుల షెడ్డు. గదిలో కౌంటర్ వెనక ఆ అమ్మాయే ఉంది. చెవి వెనక కొత్త మందారం కూడా.

"నాన్నా! బస్సులో మన కాగితాలు చదివినాయన వచ్చాడు!" అని లోపలికి కేకేసింది. తరవాత అతని వైపు తిరిగి, "ఇక్కడ చదవడానికి చాలా ఉన్నాయి. కూర్చుని చదువుకుంటారా?" అంది.

"ఆ పనికే వచ్చానండీ. బ్యాంకు నుంచి."

"ఓహో. బ్యాంకు బాబా!"

ఆమె పేరు ఎసేటా. తండ్రి సెతెఫానో ముప్ఫై ఏళ్ళుగా కస్టమ్స్ ఏజెంటు. రేవులోకి వచ్చే సరుకులో మూడో వంతుకి పత్రాలు ఆయన చేతి మీదే నడుస్తాయి. మనిషి భారీ, మాట అంతకన్నా భారీ. ఊళ్ళో మతాయి, అంటే కుటుంబానికి పెద్ద. ఆయన ఒకరికి తలవంచగా చూసినవాళ్ళు లేరు.

తనియేలు తొట్రుపడుతూ బుట్ట సంగతంతా చెప్పాడు. సెతెఫానో టేబుల్ ఫ్యాన్ గాలికి కళ్ళు సగం మూసుకుని విన్నాడు.

"అబ్బాయ్," అన్నాడు చివరికి. "నా చిన్నప్పుడు మా ఇంట్లో సబ్బు కావాలన్నా, చెప్పులు కావాలన్నా, మా పెద్దన్నయ్య ఆక్లండ్ నుంచి పంపాల్సిందే. రేవులోకి వచ్చిన మంచి వస్తువంటే న్యూజిలాండ్‌దే. నేను అలాగే రాస్తున్నాను. అలాగే రాస్తాను."

"ఈ ఫ్యాన్ కూడా న్యూజిలాండ్‌దేనా సార్?"

"కాక?"

తనియేలు ధైర్యం చేసి ఫ్యాన్‌ని బోర్లా తిప్పాడు. అడుగున చీటీ అంటించి ఉంది. చైనా. గది కాసేపు ఉక్కపోసింది.

"ఎవరో తరవాత అంటించి ఉంటారు," అన్నాడు సెతెఫానో.

ఎసేటా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. "రెండేళ్ళ నుంచి చెప్తున్నాను నాన్నా! పెట్టె విప్పి చూసి రాద్దామంటే విన్నావా?"

"మరి బస్సులో నన్నెందుకు తిట్టారు?" అన్నాడు తనియేలు.

"మా నాన్నని నేనంటాను. మీరంటే ఊరుకుంటానా?"

పెద్దాయన చాలాసేపు గొణిగాడు. చివరికి ఒప్పుకున్నాడు. గొడౌన్‌లో ఉన్న సరుకూ, కొట్లలోకి పోయిన సరుకూ పెట్టె పెట్టె చూసి, అసలు ఊళ్ళు రాసుకోమన్నాడు. ఒక్కటే షరతు పెట్టాడు.

"నా పేరు ఎక్కడా రాకూడదు. ముప్ఫై ఏళ్ళ పేరు, తెలిసిందా?"

"అంకెలే రాస్తాను సార్. పేరు రాయను. ఒట్టు," అన్నాడు తనియేలు. ఎసేటా కళ్ళలోకి చూస్తూ అన్నాడు. ఆ ఒట్టు ఆమెకే వేశాడని ఇద్దరికీ తెలిసింది.

* * *

మూడు వారాల పాటు రోజూ మధ్యాహ్నం రేకుల షెడ్డులో ఇద్దరూ పెట్టెలు విప్పారు. అతను చదవాలి, ఆమె రాయాలి. మొదటి రోజు "మీరు", రెండో రోజు "మీరు", మూడో రోజు ఒక చేపల డబ్బా అతని కాలి మీద పడేసరికి, "చూసుకోవద్దూ నువ్వు!" అని ఎసేటా అరిచింది. ఇక అక్కణ్ణుంచి మళ్ళీ "మీరు" రాలేదు.

పందెం కూడా మొదలైంది. విప్పకముందే ఏ దేశమో చెప్పాలి, ఓడినవాళ్ళు వేడి పనికేకేలు, అంటే నూనెలో వేయించిన తీపి ఉండలు, కొనాలి.

"నూడుల్స్. చైనా," అన్నాడు అతను.

"ఫిజీ. పందెం."

విప్పారు. ఫిజీ. తనియేలు జేబు తడుముకున్నాడు.

"బ్యాంకులో పనిచేస్తావ్, ఒక్కటీ సరిగా చెప్పలేవ్. మీ సూచీని ఎలా నమ్మేది నాయనా?" అంది ఎసేటా, పనికేకే నములుతూ. తరవాత కాస్త నెమ్మదించి అడిగింది. "నిజంగా అడుగుతున్నాను. మా నాన్న ఒక ఊరి పేరు తప్పు రాస్తే ఏం మునిగిపోయింది?"

అతను ఒక బియ్యం బస్తా మీద కూర్చున్నాడు. "ఈ బస్తా న్యూజిలాండ్‌దని రాశారనుకో. అలాంటివి వెయ్యి రాస్తే, మేం న్యూజిలాండ్ డాలరుకి బుట్టలో ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువిస్తాం. రేపు ఆ డాలరు పడిందంటే మన తాలా కూడా దాని వెంటే కిందికి జారుతుంది. కానీ బియ్యం పండించింది థాయిలాండ్ వాడు. వాడికి అమెరికా డాలర్లలో కట్టాలి. జారిన తాలాతో కట్టేసరికి బస్తా ధర పెరుగుతుంది. కొనుక్కునేది మీ అమ్మా, మా అమ్మా."

ఎసేటా పెన్సిలు కొరుకుతూ ఆలోచించింది. "మరి ఆక్లండ్‌లో మా అత్త ఉంది. నెలనెలా డబ్బు పంపుతుంది. అదంతా ఉత్తదేనా?"

"అదీ బుట్టలోకే వస్తుంది. కొన్నదీ, అమ్మిందీ, చుట్టాలు పంపిందీ, టూరిస్టులు ఖర్చుపెట్టిందీ. న్యూజిలాండ్ ఎప్పుడూ పెద్దదే. ఉన్నంత పెద్దదిగా చూపిస్తే చాలు అంటున్నాను."

"అంటే నా చేతిలో ఈ పెన్సిలు దేశం డబ్బుని అటూ ఇటూ కదుపుతోందన్నమాట!" ఎసేటా పెన్సిలు పైకెత్తి చూసుకుంది. ఆ మాట ఆమెకి ఎంత నచ్చిందో మొహంలో తెలిసిపోయింది. రెండేళ్ళుగా తండ్రి పక్కన విసుగుతో చేసిన పని ఆమెకి ఆ రోజు గొప్పగా కనిపించింది.

అప్పుడే వాన దంచి కొట్టింది. రేకుల మీద ఆ చప్పుడికి మాట వినపడక ఇద్దరూ దగ్గరగా జరిగారు. అంత దగ్గరగా జరగనక్కర్లేదు నిజానికి.

"నీకూ ఒక బుట్ట ఉందా?" అంది ఎసేటా.

"నాకా?"

"ఊఁ. అందులో ఎవరి బరువెంత?"

తనియేలు బస్తా కుట్టు గోటితో గీరాడు. "నువ్వు డెబ్బై శాతం."

"మిగతా ముప్ఫై?"

"మా అమ్మ."

"కన్నతల్లికి ముప్ఫయ్యేనా? సిగ్గులేదూ!" అంది. అంటూనే తల పక్కకి తిప్పుకుంది. మందారం కన్నా మొహమే ఎర్రగా ఉంది. తనియేలు మిగిలిన పెట్టెల్లో ఏ దేశం ఉందో ఆ సాయంత్రం ఒక్కటీ సరిగా చదవలేకపోయాడు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక సెతెఫానో అతన్ని భోజనానికి పిలిచాడు. తనియేలు ఒక కేసు చేపల డబ్బాలు మోసుకెళ్ళాడు. మా దగ్గర ఎవరైనా ఏదైనా తెచ్చారంటే దాన్ని గుట్టుగా వంటింట్లో పెట్టేయడం ఉండదు. ఇచ్చినవాడి పేరూ, ఊరూ, ఇచ్చినదీ నలుగురికీ వినపడేలా చాటాలి. అలా చాటకుండా తింటే అది తిండే కాదు. సెతెఫానో వాకిట్లో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"వినండహో! వైతేలే నుంచి తనియేలు! ఒక కేసు చేపల డబ్బాలు!" ఒక డబ్బా తిప్పి చూశాడు. "థాయిలాండ్‌వి!"

ఎసేటా కొబ్బరిపాలలో ఉడికిన చేమాకుల పలుసామి వడ్డిస్తూ పడీపడీ నవ్వింది. ఆ నవ్వు రోజూ వినే రాత ఉంటే చాలు దేవుడా అనుకున్నాడు తనియేలు.

* * *

నివేదిక గడువు కంటే ముందే పూర్తయింది. పట్టికలు చక్కగా కుదిరాయి. ఊరు మారిన ప్రతి పెట్టెతో పాటు బరువులు కదిలాయి. న్యూజిలాండ్ తగ్గింది, అమెరికా డాలరు పెరిగింది, ఫిజీ కూడా కాస్త తల ఎత్తింది. లోసా మేడమ్ రెండుసార్లు చదివి, "శభాష్. పైవాళ్ళకి ఇలాగే పంపుతాను," అంది. మామూలుగా ఒక ప్రతి కస్టమ్స్‌కి కూడా వెళ్ళింది.

ఐదు రోజుల తరవాత ఎసేటా బ్యాంకుకి వచ్చింది. మెట్లెక్కి వచ్చిన తీరు చూసి గుమస్తాలు పక్కకి తప్పుకున్నారు. చేతిలో ఒక ఉత్తరం.

"నా కళ్ళలోకి చూసి ఒట్టేశావ్," అంది.

"ఏమైంది?"

"కస్టమ్స్ నుంచి నోటీసు. ఏళ్ళ తరబడి తప్పుడు వివరాలు రాసినందుకు లైసెన్సు ఎందుకు రద్దు చేయకూడదో శుక్రవారం లోగా చెప్పమన్నారు. మా నాన్న రెండు రోజులుగా అన్నం ముట్టలేదు. పెట్టెలు విప్పడం, పందేలు, నా బుట్టలో నువ్వింత అంటూ కబుర్లు, అన్నీ దీనికేనా తనియేలూ?"

"పేరు రాయలేదు ఎసేటా! ఒట్టు! చూడు, ఏ పట్టికలోనూ లేదు!" అతను నివేదిక ఆమె ముందు పెట్టి పేజీలు తిప్పాడు.

ఎసేటా ఆఖరి పేజీ తిప్పి వేలు పెట్టింది.

"మతావుతు రేవులోని సెతెఫానో ఏజెన్సీ వారికీ, కుమారి ఎసేటా గారికీ కృతజ్ఞతలు. వారు తమ పత్రాలన్నీ సరిచూసుకోనివ్వకపోతే ఈ లెక్క తేలేది కాదు."

తనియేలు ఆ రెండు వాక్యాలూ మళ్ళీ చదివాడు. అది తనే రాశాడు. ప్రేమగా, మూడుసార్లు తిరగరాసి మరీ రాశాడు. సాయం పుచ్చుకున్నాక పేరు చెప్పకుండా ఎలా ఉంటాం? పుట్టినప్పటి నుంచీ అదే కదా నేర్పింది. చాటకపోతే తప్పని నేర్చుకున్న చెయ్యి, పేరు రాయనన్న ఒట్టు కూడా మరిచిపోయి చాటేసింది.

"థాంక్స్ చెప్పాను," అన్నాడు పేలవంగా.

"ఇలాంటి థాంక్స్ ఇంకొకటి చెప్పావంటే మేం అడుక్కు తినాలి." ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి కనపడినందుకు ఇంకా కోపం వచ్చింది. "మళ్ళీ మా షెడ్డు ఛాయలకి రాకు."

ఫోన్ చేస్తే ఎత్తలేదు. వెళ్తే తలుపు తియ్యలేదు. తనియేలు కస్టమ్స్ పెద్దాయన కాళ్ళావేళ్ళా పడ్డాడు. "సరిచేసిన పత్రాలన్నీ సిద్ధంగా ఉన్నాయి సార్. ఆ అమ్మాయి తన చేత్తో రాసింది," అని మొత్తుకున్నాడు. పెద్దాయన చెడ్డవాడేం కాదు.

"నువ్వెవరివయ్యా మధ్యలో? తప్పు చేసినాయన వచ్చి తప్పని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే చూద్దాం," అన్నాడు.

సెతెఫానో ఒప్పుకోవడమా! తలవంచని మనిషి. లైసెన్సు పోతుంది, దాంతో పాటు ఎసేటా పోతుంది అనుకున్నాడు తనియేలు. అమ్మ పెట్టిన కోకో చల్లారిపోతున్నా ముట్టుకోలేదు. నా అంత మూర్ఖుడు ఈ దీవిలో ఇంకొకడు ఉండడని తనని తను తిట్టుకున్నాడు.

* * *

శుక్రవారం పొద్దున్నే బీచ్ రోడ్డు మీద బస్సులు ఆగిపోయాయి. పాటలు కూడా కట్టేశారు. బ్యాంకు మెట్ల ముందు, నేల మీద, ఎవరో పెద్ద నేతచాప తల మీదుగా కప్పుకుని కూర్చున్నారు.

దాన్ని ఇఫోగా అంటాం. తప్పు చేసినవాడు తెల్లవారుతూనే ఎదుటివాళ్ళ వాకిట్లోకి వచ్చి, ఇంట్లో అన్నిటికన్నా విలువైన చాప కప్పుకుని కూర్చుంటాడు. ఎండైనా వానైనా కదలడు, మాట్లాడడు. ఎదుటివాళ్ళు వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే, అంతే. పెద్ద పెద్ద తప్పులకే చేస్తారు దాన్ని. ఊళ్ళ మధ్య గొడవలకి చేస్తారు. బియ్యం బస్తాల మీద ఊరి పేరు తప్పు రాసినందుకు బ్యాంకు ముందు చేసినవాడు మాత్రం ఇంతవరకూ లేడు.

"సెతెఫానో!" అన్నారు జనంలో ఎవరో, నమ్మలేక. "సెతెఫానో అంతటివాడు!"

లోసా మేడమ్ మెట్ల మీద తల పట్టుకుంది. "బ్యాంకుకి ఇఫోగా ఏమిటి? రూల్స్‌లో ఎక్కడా లేదే!"

"దేశం డబ్బుని తప్పు తూకం వేయించాను, వాళ్ళ వాకిట్లోనే కూర్చోవాలి అన్నాట్ట," అని కింద ఒకావిడ చెప్పింది.

కస్టమ్స్ పెద్దాయన కూడా గుంపును తోసుకుంటూ వచ్చాడు. వచ్చి, చాపని చూసి టోపీ తీశాడు.

"తనియేలూ," అంది లోసా మేడమ్. "చెడింది నీ పట్టిక. నువ్వే వెళ్ళు."

అతను మెట్లు దిగాడు. అంత వయసున్న మనిషి తన ముందు అలా కూర్చోవడం చూడలేకపోయాడు. వంగి రెండు చేతులతో చాప ఎత్తాడు.

కింద ఇద్దరున్నారు. సెతెఫానో తల వంచుకుని ఉన్నాడు. పక్కన ఎసేటా, తండ్రి చెయ్యి పట్టుకుని. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతో తనియేలుని ఒక్క చూపు చూసి మొహం తిప్పుకుంది.

"లేవండి సార్. దయచేసి లేవండి," అన్నాడు తనియేలు. "మీ పెట్టెలు విప్పనివ్వకపోతే మాకు నిజం తెలిసేదే కాదు."

కస్టమ్స్ పెద్దాయన ముందుకొచ్చి సెతెఫానో భుజం పట్టి లేపాడు. "చాప ఎత్తాక ఇంకా నేను నోటీసులు పట్టుకు తిరిగితే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదు. సరిచేసిన పత్రాలు సోమవారం తెచ్చివ్వండి. లైసెన్సు మీదే. ఇకమీదట మాత్రం పెట్టె విప్పి చూసి రాయండి మహానుభావా!"

జనం ఈలలు వేశారు. బస్సులో పాట మళ్ళీ మోగింది. సెతెఫానో కళ్ళు తుడుచుకుని, చాప మడతపెట్టి తనియేలు చేతుల్లో పెట్టాడు. క్షమించినవాడికే చాప చెందుతుంది, అది మర్యాద.

"బ్యాంకువాళ్ళు కానుకలు పుచ్చుకోకూడదు," అంది లోసా మేడమ్ కంగారుగా.

"రెండు నిమిషాలు ఉంచుకుని ఇచ్చేస్తాను మేడమ్."

ఎసేటా అప్పటికే వెళ్ళిపోవడానికి తిరిగింది. తనియేలు గబగబా ఆమె ముందుకి వెళ్ళి, అదే తెల్ల చొక్కాతో దుమ్ములో కూలబడి, చాప తల మీదుగా కప్పుకున్నాడు.

పాట మళ్ళీ ఆగింది.

చాప కింద చీకటిగా ఉంది. ఎన్నో ఏళ్ళు పెట్టెలో దాచిన వాసన. బయట గుసగుసలు వినిపించాయి. తరవాత అవి కూడా లేవు. ఎంతసేపైందో తెలియలేదు. ఎత్తకపోతే ఎత్తకపోనీ, చీకటి పడేదాకా ఇక్కడే ఉంటాను అనుకున్నాడు. ఆమె లేకుండా వైతేలే బస్సెక్కి ఇంటికి వెళ్ళడం అతనికి ఊహకి కూడా అందలేదు.

"అమ్మాయ్, పదింటికి నాకు మీటింగుంది," లోసా మేడమ్ గొంతు. "ఎత్తుతావా, వీణ్ణి చాపతో సహా లోపలికి మోయించమంటావా?"

అడుగుల చప్పుడు దగ్గరికి వచ్చింది. చాప అంచు కొంచెం లేచింది. వెలుతురుతో పాటు ఎసేటా కూడా లోపలికి దూరింది. అంచు మళ్ళీ పడిపోయింది.

బయట జనం ఒక్కసారిగా హోరెత్తారు. ఇలా ఎవరూ ఎప్పుడూ చేయలేదు మరి.

"ఇదేంటి? ఎత్తాలి నువ్వు!" అన్నాడు తనియేలు గుసగుసగా.

"చాప కింద మాట్లాడకూడదు."

"నువ్వు మాట్లాడుతున్నావుగా?"

"నేను తప్పు చేసి కూర్చోలేదు. కోపంతో కూర్చున్నాను." ఆమె గొంతులో ఏడుపుంది, దాని అడుగున నవ్వుంది. "నీ మీద కూడా కాదు అంతగా. ఇన్ని రోజులు నీతో మాట్లాడకుండా ఉన్నందుకు నా మీద నాకే కోపం. చచ్చిపోయాను తెలుసా?"

"నిన్ను ప్రేమిస్తున్నాను ఎసేటా. ఈ మాట నివేదికలో రాయాల్సింది, థాంక్స్ రాశాను."

"రాసుంటే అదీ కస్టమ్స్‌కి పోయేది, బుద్ధిలేనోడా!"

"క్షమించావా?"

"లేదు. అంత తొందరేం లేదు. పెళ్ళయ్యాక తీరిగ్గా ఆలోచిస్తాను."

బయట సెతెఫానో పెద్దగా దగ్గాడు. కాసేపు ఆగి ఇంకోసారి దగ్గాడు. లోపల ఇద్దరికీ ఆ దగ్గు వినపడలేదు, లేదా వినపడనట్టు ఊరుకున్నారు. ఇక లాభం లేదని ఆయనే వంగి, ముప్ఫై ఏళ్ళు ఎవరి ముందూ వంగని నడుం రెండోసారి వంచి, రెండు చేతులతో చాప ఎత్తాడు.

ఎండ కళ్ళలో పడి ఇద్దరూ చేతులు అడ్డం పెట్టుకున్నారు. సెతెఫానో ఒకసారి కూతురి మొహం చూశాడు, ఒకసారి అబ్బాయి మొహం చూశాడు. చాప ఎత్తినవాడు ఏం ఒప్పుకున్నట్టో అక్కడున్న అందరికీ తెలుసు, అందరికన్నా ముందు ఆయనకి తెలుసు.

"ఆదివారం మీ అమ్మగారిని తీసుకురా, అబ్బాయ్," అన్నాడు.

మా దగ్గర పెళ్ళికాని ఆడపిల్ల నడిరోడ్డు మీద మగవాడి చెయ్యి పట్టుకోదు. ఆ పొద్దున బీచ్ రోడ్డంతా చూస్తుండగా ఎసేటా తనియేలు చెయ్యి పట్టుకుని లేచి నిలబడింది. తండ్రి చాప మడతపెట్టడం పూర్తయినా వదల్లేదు.